డాబా మీద క్యాట్‌నిప్ - పార్ట్ 2: విత్తనం నుంచి కుండీ దాకా

పోయిన పార్ట్‌లో మట్టి సంగతి చూశాం కదా, ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు కలిపి ఉంచేసుకున్నారనే అనుకుంటున్నా. ఈసారి విత్తనం వేసి, మొక్కని కుండీలోకి మార్చి, మొదటిసారి తల తుంచేదాకా వెళ్దాం.

ముందుగా ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. క్యాట్‌నిప్ అంటే వాసనకి పిల్లులు పిచ్చెక్కినట్టు చేసే మొక్క, ఇది పుదీనాకి చుట్టమే, కాడ వేళ్ళతో తిప్పి చూస్తే దీనిదీ నాలుగు పలకలుగానే ఉంటుంది, అలా అని పుదీనాకి పోసినట్టు రోజూ నీళ్ళు పోస్తే చచ్చి ఊరుకుంటుంది. వైజాగ్‌లో ఎండ చంపేస్తుందని అందరూ భయపడతారు గానీ నన్నడిగితే ఉక్కపోత, ఆరని మట్టి ఇంకా డేంజర్. చలి దేశాల్లో ఇది ఏళ్ళకేళ్ళు బతికే మొక్క, శీతాకాలంలో పైనంతా ఎండిపోయి వేరు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. ఇక్కడ అంత ఆశ వద్దు, చలికాలం పంట అనుకుని పెంచండి, వేసవి దాటి బతికితే బోనస్.

ఎప్పుడు వెయ్యాలంటే, కార్తీకం సగం అయ్యాక. అక్టోబర్‌లో తొందరపడొద్దు, హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, మనకి ఆ నెల ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు, తుఫాను రాకపోయినా ముసురు పట్టిందంటే నారు మొత్తం కుళ్ళిపోతుంది.

విత్తనం చాలా సన్నం, పైన తొక్క గట్టి. అందుకని ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున తీసి ఒక రోజంతా నీళ్ళలో నానెయ్యండి, తొక్క కాస్త మెత్తబడుతుంది. ప్రోట్రేలో (నారు పోసే గుంటల ట్రే) కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నింపి గుంటకి రెండు మూడు గింజలు పెట్టి, పైన కనీకనపడనట్టు పొడి చల్లితే చాలు, లోతుగా పాతిపెడితే రావు. స్ప్రే బాటిల్‌తోనే తడపండి, మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. వారం నుంచి రెండు వారాల్లో మొలకొస్తుంది, కొన్ని మొండివి ఇంకో వారం తీసుకుంటాయి, ట్రే పారెయ్యకండి. మొలకొచ్చాక పైన కవర్ ఉంటే తీసెయ్యండి, గాలాడకపోతే నారుకుళ్ళు వచ్చి కాడలు మొదట్లో సన్నబడి పడిపోతాయి.

మొదటి రెండాకులు నున్నగా ఉంటాయి, అవి చూసి వేరే మొక్కేదో ఇచ్చేశాడని షాపు వాడిని తిట్టకండి. తర్వాత వచ్చేవి అంచు పళ్ళుపళ్ళుగా, పైన తెల్లటి నూగుతో ఉంటాయి, అదీ అసలు ఆకు. అన్నట్టు క్యాట్‌గ్రాస్ అని అమ్మేది వేరు, అది ఓట్స్ గానీ గోధుమ గానీ మొలకెత్తించిన గడ్డి.

అసలాకులు మూడు నాలుగు జతలొచ్చాక పది అంగుళాల కుండీలోకి మార్చండి, సాయంత్రం పూట. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఆకు నలిగితే నెపెటాలాక్టోన్ అనే పదార్థం వాసన గాల్లోకి వెళ్తుంది, మార్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా రెండాకులు నలుగుతాయి, ఇక మీ పిల్లే కాదు పక్కింటి గోడ మీది పిల్లి కూడా వచ్చి దొర్లి లేత మొక్కని చాప చేసేస్తుంది. ప్లాస్టిక్ కూరగాయల క్రేట్ ఒకటి బోర్లించి పైన ఇటుక పెట్టండి, వేరు పట్టుకునేదాకా తియ్యొద్దు. మీ పిల్లి అటు వైపే చూడకపోతే మొక్కని అనుమానించకండి, సుమారు మూడో వంతు పిల్లులకి ఇది అస్సలు పట్టదు, అది పుట్టుకతో వచ్చే లక్షణం, ఇక మరీ చిన్న కూనలకైతే ఎలాగూ పట్టదు.

దోమలు పోతాయా అని అడుగుతారు చాలామంది. జపాన్‌లో ఇవాటే యూనివర్సిటీ వాళ్ళు 2021లో చూపించింది ఏంటంటే, మతతాబి అనే తీగ ఆకుకి ముఖం రుద్దుకున్న పిల్లి మీద దోమలు తక్కువ వాలాయి, అందులోనూ ఈ జాతి పదార్థమే ఉంది. కానీ వాసన బాగా వచ్చేది ఆకు నలిగాకే, కుండీ ఊరికే మూల పెట్టి దోమలు పోవాలంటే అవ్వదు.

మీ గోడ వారన కుప్పింటాకు ఉందేమో చూడండి, దాని వేరు పీకి పడేస్తే పిల్లులు అలాగే పిచ్చెక్కినట్టు చేస్తాయి. వాసన చూస్తే చూడనివ్వండి, తినిపించే పని మాత్రం పెట్టుకోవద్దు.

కుండీ ఎక్కడ పెట్టాలంటే, పొద్దుటి ఎండ నిండా తగిలే చోట. ఎంవీపీ, లాసన్స్ బే వైపు సముద్రానికి దగ్గరున్నవాళ్ళు పిట్టగోడ చాటున పెట్టండి, ఉప్పుగాలి నేరుగా కొట్టకూడదు. ఫిబ్రవరి దాటాక మధ్యాహ్నం నీడ తప్పనిసరి. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి పొడిగా తగిలితేనే నీళ్ళు, అదీ మొక్క మొదట్లోనే, ఆకు మీద వద్దు. పేనుబంక కనిపిస్తే పొద్దున్నే ఉత్త నీళ్ళ స్ప్రేతో గట్టిగా కొట్టి కడిగెయ్యండి, పిల్లి నోట్లో పెట్టుకునే మొక్క కాబట్టి పురుగుమందు జోలికే వెళ్ళొద్దు.

జానెడు ఎత్తు రాగానే నడినెత్తి చిగురు తుంచెయ్యండి, పక్క కొమ్మలు వేసి గుబురుగా అవుతుంది. తుంచిన చిగురు పిల్లికిచ్చి చూడండి, పట్టేదైతే పావుగంట దాకా హడావిడి చేసి లేచిపోతుంది, తర్వాత గంట రెండు గంటలు మళ్ళీ ఇచ్చినా పట్టించుకోదు. పూత మొదలైనప్పుడు కోసి నీడలో ఆరబెట్టడం పార్ట్ 3లో, అప్పటిదాకా క్రేట్ దగ్గరే ఉంచుకోండి.