‘ఈట్ అవుట్’: ఎప్పుడు వాడాలి, ఎక్కడ పొరపాటు పడతాం

రాత్రి హోటల్లో భోంచేశామని ఇంగ్లిష్‌లో చెప్పబోతే చాలామంది నోట టక్కున వచ్చేది ‘వుయ్ ఏట్ అవుట్‌సైడ్’. మన దగ్గర ఇబ్బంది లేదు, అందరికీ అర్థమవుతుంది. లండన్‌లోనో డాలస్‌లోనో అంటే మాత్రం ఆరుబయట కూర్చుని తిన్నారనుకుంటారు. అక్కడ అనాల్సింది ‘వుయ్ ఏట్ అవుట్’. కూర్చున్నది ఏసీ హాల్లోనైనా సరే, మాట ఇదే.

ఏం తిన్నారో దీని వెనకాల తగిలించకూడదు. ‘వుయ్ ఏట్ అవుట్ బిర్యానీ’ తప్పు. బిర్యానీ సంగతి చెప్పాలంటే ‘వుయ్ ఏట్ అవుట్ అండ్ హ్యాడ్ బిర్యానీ’ అనండి. మనిషిని తగిలిస్తే ఇంకా ప్రమాదం, అది పచ్చి బూతవుతుంది. అమ్మానాన్నల్ని హోటల్‌కి తీసుకెళ్లారా? ‘ఐ టుక్ మై పేరెంట్స్ అవుట్ ఫర్ డిన్నర్’ అంటే సరిపోతుంది.

పార్శిల్ తెచ్చుకుని ఇంట్లో తింటే అది ఈట్ అవుట్ కాదు. 2020 ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వం కరోనాతో దెబ్బతిన్న హోటళ్ల కోసం ‘ఈట్ అవుట్ టు హెల్ప్ అవుట్’ అనే పథకం పెట్టింది. సోమ, మంగళ, బుధవారాల్లో బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్లకు మించకుండా తగ్గించేవారు. అక్కడే కూర్చుని తిన్నవాళ్లకే ఆ తగ్గింపు, పార్శిళ్లకు లేదు. పేరులోని మాటకు అక్షరాలా కట్టుబడ్డ పథకం! చుట్టాలింట్లో విందుకూ, పెళ్లి భోజనానికీ కూడా ఈ మాట నప్పదు.

‘ఈట్ ఇన్’ దగ్గర కాస్త తికమక ఉంది. ‘వుయార్ ఈటింగ్ ఇన్ టునైట్’ అంటే ఇవాళ ఇంట్లోనే భోజనం. అదే బ్రిటన్‌లో కేఫ్ కౌంటర్ దగ్గర ‘ఈట్ ఇన్ ఆర్ టేకవే?’ అని అడిగితే ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అని. జవాబును బట్టి ధర కూడా మారొచ్చు: అక్కడే తింటే 20 శాతం వ్యాట్ పడుతుంది, చల్లటి శాండ్‌విచ్ లాంటివి పట్టుకెళ్తే పడదు. అమెరికాలో ఇదే ప్రశ్న ‘ఫర్ హియర్ ఆర్ టు గో?’ అని వినిపిస్తుంది.

పలికేటప్పుడు రెండు మాటలూ కలిసిపోయి ‘ఈటౌట్’ అవుతాయి. ఒత్తు ‘అవుట్’ మీద. భూతకాలం ‘ఏట్ అవుట్’, బ్రిటిష్ వాళ్లలో చాలామంది ‘ఎట్’ అనే అంటారు. ‘హ్యావ్’ తర్వాతైతే ‘ఈటెన్ అవుట్’: ‘వుయ్ హావెంట్ ఈటెన్ అవుట్ దిస్ మంత్’.