సూచనల పట్టీ నిర్వహణ – నాలుగో పాఠం: పాతబడినవి, మద్దతు రానివి

ఒకే కోరికను వేర్వేరు మాటల్లో చెప్పిన సూచనలను గుర్తించి, ఒకదాని కిందికి చేర్చి, వాటి సంతకాలను కలపడం గత పాఠంలో నేర్చుకున్నాము. ఆ పని ముగిశాక పట్టీ అడుగున కొన్ని మిగిలిపోతాయి. రెండేళ్ళో మూడేళ్ళో క్రితం ఎవరో రాసినవి, ఎదుట ఒకటో రెండో సంతకాలు మాత్రమే ఉన్నవి, అవుననిగానీ కాదనిగానీ ఇన్నాళ్ళుగా ఎవరూ జవాబు చెప్పనివి. ఈ పాఠం వాటి గురించే. మొదటి పాఠంలో మనం ఊహించుకున్న పర్లాకిమిడి తెలుగు పఠన మందిరాన్నే ఇక్కడ కూడా ఉదాహరణగా తీసుకుందాము. అక్కడ సభ్యులు రిజిస్టరులో సూచన రాస్తారు, నచ్చిన తోటి సభ్యులు దాని ఎదుట సంతకం పెడతారు, నెలకొకసారి కార్యదర్శి ఆ పేజీలను కంప్యూటర్‌లోని పట్టీకి ఎక్కిస్తారు.

కొత్తగా ఈ బాధ్యత తీసుకున్నవారికి ముందుగా తట్టే ఉపాయం, ఏడాది దాటినా అయిదు సంతకాలు రానివాటిని ఒక్క గీతతో కొట్టివేయడం. దానివల్ల పని త్వరగా తెములుతుంది, పట్టీ కూడా చూడముచ్చటగా తయారవుతుంది. అయినా ఆ పద్ధతిని నేను సమర్థించను. కారణాలను కొంత విస్తారంగానే చెప్పవలసి ఉంది, ఈ పాఠంలోని అసలు కష్టమంతా అక్కడే ఉంది కనుక.

ఒక సూచనకు రెండు సంతకాలు వచ్చాయని పట్టీ చెబుతుంది గానీ, ఎంతమంది చదివితే ఆ రెండు వచ్చాయో చెప్పదు. మన పట్టీలో మూడేళ్ళ నాటి సూచన ఒకటి ఉందనుకోండి: "తెలుగు పుస్తకాల వెన్ను మీద పేరును ఒడియా లిపిలో కూడా రాయించగలరు." దానికి వచ్చినవి రెండే సంతకాలు. పర్లాకిమిడి పట్టణం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి, కొత్తగా ఏర్పడిన ఒడిశాలో చేరింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవారు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఈనాడు ఎక్కడైనా కనిపిస్తారు. కథ చదివి వినిపిస్తే వారు కదలకుండా వింటారు, అదే కథను చేతికిస్తే అక్షరాలు కూడబలుక్కుంటారు. ఆ సూచన వారికోసం రాసినది, రాసినది మాత్రం తెలుగు లిపిలో. ఎవరికి ఆ అవసరం ఉందో వారు ఆ పేజీని చదవలేరు కనుక దాని ఎదుట సంతకం పెట్టే అవకాశమూ వారికి లేదు. పై అంతస్తుకు మెట్ల పక్కన వాలుదారి కావాలన్న సూచనకు సంతకాలు రాకపోవడమూ ఇలాంటిదే, రిజిస్టరు ఉన్నది ఆ పై అంతస్తులోనే అయినప్పుడు.

ఒకవేళ చదవగలిగినవారే చదివారనుకున్నా, చిన్న సంఖ్యల నుంచి పెద్ద నిర్ణయాలు తీయడం ప్రమాదకరం. గణాంకశాస్త్రంలో మూడు సూత్రం అనే సులువైన లెక్క ఉంది. ఏ పక్షపాతమూ లేకుండా ఎంపిక చేసిన కొందరిని అడిగినప్పుడు ఒక్కరు కూడా ఔననకపోతే, 3ను ఆ అడిగినవారి సంఖ్యతో భాగించాలి. మొత్తం జనంలో ఆ కోరిక ఉన్నవారు ఎంత శాతం దాకా ఉండవచ్చో ఆ భాగఫలం సుమారుగా చెబుతుంది, దాని మీద నమ్మకం 95 శాతం. 20 మందిని అడిగితే ఒక్కరూ కావాలనలేదనుకోండి, 3ను 20తో భాగిస్తే 15 శాతం వస్తుంది. మందిరంలో 300 మంది సభ్యులుంటే అందులో 45 మంది దాకా ఆ సదుపాయాన్ని కోరుకుంటూ ఉండి కూడా మీ 20 మందిలో ఒక్కరూ పడకపోయి ఉండవచ్చు. పైగా మన రిజిస్టరు తెరిచేవారు పక్షపాతం లేకుండా ఎంపికైనవారేమీ కారు. రోజూ సాయంత్రం వచ్చి దినపత్రిక కోసం వరుసలో నిలబడే నలుగురైదుగురే ఎక్కువగా సంతకాలు చేస్తుంటారు.

సంతకాల సంఖ్యను అందరికీ కనబడేలా ఉంచడంలో ఇంకొక చిక్కు ఉంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు 2006లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఎవరికీ అంతగా తెలియని 48 పాటలను 14 వేల మందికి పైగా శ్రోతల ముందుంచారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే చూపించారు. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు దించుకున్నారో కూడా చూపించారు. సంఖ్యలు కనిపించిన గుంపుల్లో ముందున్న పాటలు మరింత ముందుకు, వెనకబడినవి మరింత వెనక్కు పోయాయి. అంతేకాక, ఏ పాట ముందుకు వస్తుందన్నది గుంపుకూ గుంపుకూ మారిపోయింది. సంతకాల సంఖ్యను బట్టి వరుసపెట్టిన మన పట్టీలో జరిగేదీ అదే. మొదటి వారంలో పైకి వచ్చినవి పైనే ఉండిపోతాయి, అడుగుకు జారినదాని దాకా ఎవరి చూపూ దిగదు. అందువల్ల మూడు నెలలకొకసారి పట్టీని తలకిందులుగా వరుసపెట్టి, తక్కువ సంతకాలున్నవాటి నుంచి చదువుతూ రావడాన్ని నియమంగా పెట్టుకోండి.

మద్దతు లెక్కే లేని చోట ఒంటరి సూచన ఎంత దూరం పోగలదో చెప్పే ఉదాహరణ జపాన్ చరిత్రలో దొరుకుతుంది. 1721లో జపాన్‌ను ఏలుతున్న షోగున్ (సైనిక పాలకుడు) తొకుగావా యోషిమునే సామాన్య ప్రజల విన్నపాల కోసం ఎదో అనే నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఒక పెట్టె పెట్టించాడు. పేదవారికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి కావాలని ఒగావా షోసెన్ అనే వైద్యుడు 1722లో అందులో ఒక కాగితం వేశాడు. అదే సంవత్సరం కొయిషికావాలో ఆసుపత్రి తెరుచుకుంది, నూరేళ్ళకు పైగా నడిచింది. మన పట్టీలో అయితే ఆ కాగితం ఒకే సంతకంతో అడుగున పడి ఉండేది.

అలాగని అన్నింటినీ అలాగే తెరిచి ఉంచడమూ మంచి నిర్వహణ కాదు. ఏళ్ళ తరబడి జవాబు లేకుండా పడి ఉన్న పేజీలను చూసిన కొత్త సభ్యుడు ఇక్కడ రాసి ప్రయోజనం లేదని కలం జేబులో పెట్టుకుంటాడు. సాఫ్ట్‌వేర్ వాడుకరుల సూచనల కోసం 2008లో మొదలైన యూజర్‌వాయిస్ వంటి సేవలు తొలినాళ్ళలో ఒక్కొక్కరికి పరిమిత సంఖ్యలోనే ఓట్లు ఇచ్చేవి. సూచన ముగిస్తేనే దానిలో ఇరుక్కున్న ఓట్లు వేసినవారికి తిరిగి వచ్చేవి. మన రిజిస్టరులో అటువంటి పరిమితి లేకపోయినా, సభ్యుల ఓపికకు మాత్రం ఉంటుంది.

ఇక పని విషయానికి వద్దాము. ఒక విడతలో పది పన్నెండు సూచనలకు మించి తీసుకోవద్దు, ఇద్దరు కూర్చుని చదవండి. ఒక్కరే చదివితే మూడో పేజీకే అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. చదివేటప్పుడు సంతకాల గడిని కాగితంతో కప్పి ఉంచండి. ముందుగా చూడవలసినది, సూచన పుట్టినప్పటి పరిస్థితి ఇప్పటికీ ఉన్నదా అన్నది. "సాయంత్రం గుణుపురం రైలు అందుకోవాలి కనుక పుస్తకాలు ఇచ్చే వేళను అరగంట ముందుకు జరపండి" అని ఒకరు రాశారనుకోండి. నౌపడా–గుణుపురం మార్గంలో ఆ తరువాత రైలు వేళ మారి ఉంటే ఆ సూచనకు ఆధారం పోయినట్లే, దానిని ముగించవచ్చు. అయితే వేళ మారిందన్న సంగతిని స్టేషన్‌లో కనుక్కున్నాకే ముగించాలి, ఊహ మీద కాదు.

రెండవది, అది మన చేతిలో ఉన్న పనేనా అన్నది. పర్లాకిమిడికి ఆనుకునే ఆంధ్రప్రదేశ్‌లో పాతపట్నం ఉంది. అక్కడివారికి కూడా సభ్యత్వం ఇవ్వాలన్న సూచన ఎంత సబబైనదైనా, సభ్యుల నివాసం గురించి సంఘం నియమావళిలో షరతు ఉంటే కార్యదర్శి దానిని సొంతంగా అమలు చేయలేరు, సర్వసభ్య సమావేశమే మార్చాలి. ఇలాంటివాటిని ముగించకండి, సమావేశపు ఎజెండాకు పంపి, పంపిన తేదీని పట్టీలో ఎదుటనే రాయండి. చేయగలిగీ చేయదలచుకోని సూచనలుంటే వాటికి "పరిశీలనలో ఉంది" అన్న ముసుగు వేయవద్దు. చేయబోవడం లేదని, ఎందుకు చేయబోవడం లేదో ఒక వాక్యంలో చెప్పడమే మర్యాద.

మిగిలేవి ఒడియా లిపి సూచన వంటివి: పరిస్థితి అలాగే ఉంది, పని మన చేతిలోనే ఉంది, ఎందరికి కావాలో మాత్రం తెలియదు. వీటికి నేను రెండో అవకాశం ఇస్తాను. అటువంటివి ఒకసారికి మూడు తీసుకుని, సంతకాల సంఖ్య చూపకుండా, తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, నోటీసు బోర్డు మీద రెండు వారాలు ఉంచండి. పుస్తకాలు ఇచ్చే బల్ల దగ్గర కూర్చునేవారు వచ్చినవారిని నోటితోనూ అడగాలి, అడిగినవారి సంఖ్యనూ ఔనన్నవారి సంఖ్యనూ విడివిడిగా రాయాలి. ఖర్చు తక్కువైనదైతే అడగడం కంటే చేసి చూడడమే తేలిక. పిల్లల కథల అర ఒక్కదానికి ఒడియా చీటీలు అంటించి, ఆ అర నుంచి పుస్తకాలు ముందుకంటే ఎక్కువగా కదులుతున్నాయేమో చూడవచ్చు.

ముగించేటప్పుడు రాసే మాట గురించి కొంత చెప్పాలి. "చాలాకాలంగా మద్దతు రానందున ఈ సూచన ముగించడమైనది" అన్న వాక్యంలో ఎవరూ తప్పు పట్టలేరు, కానీ దానిని చదివినవారు మళ్ళీ రాయరు. దాని బదులు ఇలా రాయండి: "నమస్కారమండీ. రైలు వేళ గురించి మీరు రాసిన సూచనను ఈ నెల ఇద్దరము చదివాము. ఇంతకాలం జవాబు ఇవ్వనందుకు మన్నించండి. రైలు ఇప్పుడు ఆలస్యంగా బయలుదేరుతున్నది కనుక వేళ మార్చనవసరం లేదని అనుకుంటూ దీనిని ముగిస్తున్నాము. మీకు ఇబ్బంది ఇంకా ఉంటే ఈ పేజీలోనే రాయండి, మళ్ళీ తెరుస్తాము." ఇందులో ఎవరు చదివారో ఉంది, కారణం ఉంది, తిరిగి తెరిచే దారి ఉంది. సూచన రాసినవారి పేరు రిజిస్టరులో తప్పక ఉండాలని రెండో పాఠంలో పట్టుబట్టింది ఈ జవాబు వారికి చేరడం కోసమే. సంతకం పెట్టినవారికి కూడా ఇదే మాట అందాలి.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు ఈ పనిని యంత్రానికి అప్పగించడం మీరు వినే ఉంటారు. సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఉంచి కలిసి పనిచేసుకునే గిట్‌హబ్ అనే వేదికలో వాడే స్టేల్ అనే పనిముట్టు, మామూలు అమరికలో, 60 రోజులు కదలిక లేని అంశానికి పాతబడిందని గుర్తు వేస్తుంది, మరో 7 రోజులు ఎవరూ పలకకపోతే మూసేస్తుంది. లోపం గురించి రాసి, తిరిగి అడిగిన ప్రశ్నకు జవాబివ్వని సందర్భంలో అది న్యాయమే, బంతి రాసినవారి దగ్గరే ఉంది కనుక. మన దగ్గర ఆగిపోయిన సూచన ఎక్కువగా మన జవాబు కోసమే ఆగి ఉంటుంది. మన మౌనానికి శిక్ష రాసినవారికి వేయడం నాకు సబబుగా తోచదు.

అభ్యాసం: మీ పట్టీలో ఏడాది దాటి, మూడు సంతకాల లోపు ఉన్నవాటిలో అయిదింటిని ఎంచుకోండి. ప్రతిదాని ఎదుట, దీనిని ఎవరు చదవగలిగారు, ఎవరు చదవలేకపోయారు అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ఆ తరువాతే సంతకాల గడి మీద కాగితం తీయండి. ముగించదలచినవాటికి జవాబులు రాసి, పంపేముందు పట్టీతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించండి. ఆ జవాబుల చిత్తుప్రతులను దాచి ఉంచండి. ముగించిన సూచనను మళ్ళీ తెరవమని సభ్యులు కోరినప్పుడు ఏం చేయాలన్నది అయిదో పాఠం, అందులో వాటితోనే పని ఉంటుంది.