ఏళ్ల తరబడి మూలన పడున్న అవుట్‌బోర్డ్ మోటార్‌ని మళ్లీ ఎలా తిప్పాలి?

సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు కొంటే చాలాసార్లు బోటు వెనక బయటివైపు బిగించే ఈ మోటార్ కూడా దాంతోపాటే అంటగడతారు, "బానే తిరిగేదండీ, కాస్త చూసుకుంటే చాలు" అనే మాట కూడా ఫ్రీగా వస్తుంది. ఎన్నాళ్ల నుంచి టార్పాలిన్ కింద పడుందో మాత్రం ఎవరూ చెప్పరు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రెండు నెలలు ఆగిన మోటార్‌ని లేపడం రేవుల్లో అందరికీ అలవాటైన పనే. రెండు మూడేళ్లు ఉప్పుగాలికి పడున్న మోటార్ సంగతి వేరు. ఇక్కడ చెప్పేది చిన్న బోట్ల మీద ఎక్కువ కనిపించే 9.9, 15 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటార్ల గురించి.

ఇంటికి తెచ్చాక చేతులు ఊరుకోవు, తాడు పట్టుకుని లాగి చూడాలనిపిస్తుంది. లాగొద్దు. లోపల సిలిండర్ గోడలకి తుప్పు పట్టి ఉంటే పిస్టన్ రింగులు దాన్ని గీసుకుంటూ పోతాయి, ఒకవేళ అదృష్టం బావుండి స్టార్ట్ అయినా నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిరిగితే చాలు ఇంజన్ చల్లబడటానికి నీళ్లు ఎక్కించే కింద పంపులో రబ్బరు కాలిపోతుంది. పాత మోటార్లు పడుండటం వల్ల పాడైనవాటి కంటే మళ్లీ లేపేటప్పుడు తొందరపడి పాడుచేసినవే ఎక్కువ అని నా అభిప్రాయం.

ముందు ఇంజన్ పట్టేసిందో లేదో చూడండి

మూత తీసి రెండు ప్లగ్గులు విప్పండి. ఆ రంధ్రాల్లో కాస్త టూ స్ట్రోక్ ఆయిల్, కొంచెం డీజిల్ కలిపి పోసి ఒక రాత్రి వదిలేయండి, మరీ గట్టిగా ఉంటే ఇంకో రెండు రోజులు. తర్వాత పైన చక్రంలా ఉండే ఫ్లైవీల్‌ని చేత్తో, గడియారం ముల్లు తిరిగే వైపుకే, నెమ్మదిగా తిప్పండి. వెనక్కి తిప్పొద్దు, పంపు రబ్బరు రెక్కలు అటు వంగితే విరుగుతాయి. అస్సలు కదలకపోతే పైపు తగిలించి బలం పెట్టకుండా మళ్లీ ఆయిల్ పోసి ఆగడమే మంచిది.

తిరిగిందంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో చూపించే కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి, మీ దగ్గర లేకపోతే బైక్ మెకానిక్‌ని అడిగితే ఇస్తాడు. ప్లగ్గులు రెండూ తీసేసి, ప్లగ్ వైర్లు ఇంజన్ బాడీకి తగిలేలా పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగైదు సార్లు తాడు లాగాలి. ఇందాక వద్దన్నాను కదా అంటారా, ఇప్పుడు లోపల ఆయిల్ ఉంది, మంట లేదు, నాలుగు లాగులకి ఏమీ కాదు. పెట్రోల్ మోడల్ అయితే 90 పీఎస్ఐ పైన ఉండి, రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే ఆ మోటార్ మీద డబ్బు పెట్టొచ్చు. కిరసనాయిలు మోడళ్లలో మామూలుగానే కాస్త తక్కువ చూపిస్తుంది, అక్కడ అంకె కంటే రెండింటి మధ్య తేడానే చూసుకోండి. ఒకటి బాగా తక్కువ ఉందంటే రింగులో, గాస్కెట్టో పోయినట్టు. అప్పుడు ముందు రిపేర్ ఖర్చు ఎంతో లెక్క వేసుకుని తర్వాతే మిగతా పని, ఎందుకంటే ఇక్కడి నుంచి చేసేదంతా ఇంజన్ బాగుంటేనే దండగ కాకుండా ఉంటుంది.

స్పార్క్

ప్లగ్‌ని వైరుకి తగిలించి దాని లోహం భాగం ఇంజన్ బాడీకి ఆనించి లాగితే నీలంగా టకటకా కొట్టాలి. దగ్గర్లో పెట్రోల్ ఉండకూడదు. స్పార్క్ రాకపోతే వెంటనే కాయిల్ పోయిందని కొత్తది కొనేయకండి, ముందు ఎర్ర తాడు ఉండే స్టాప్ స్విచ్ క్లిప్ దాని చోట ఉందో లేదో చూడండి, సెకండ్ హ్యాండ్ మోటార్లలో సగం ఆ క్లిప్ లేకుండానే వస్తాయి. తర్వాత వైర్ల చివర పట్టిన పచ్చటి చిలుము గీకేయండి. ప్లగ్గులు ఎలాగూ కొత్తవి వేయాల్సిందే.

పెట్రోల్, కార్బ్యురేటర్

పాత పెట్రోల్ మొత్తం పారబోయాలి, కొత్తదాంట్లో కలిపి వాడేద్దాం అనుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఎక్కువ రోజులు నిలవుంటే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, పైపు పీల్చేది కూడా అడుగు నుంచే. ట్యాంకు కడిగి ఆరబెట్టండి. గొట్టం, చేత్తో నొక్కే రబ్బరు బల్బు పగుళ్లిచ్చి ఉంటే మార్చేయండి.

కార్బ్యురేటర్ విప్పితే కింద గిన్నెలో జిగురుగా, పచ్చగా వార్నిష్ లాంటిది కనిపిస్తుంది. స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. విప్పేటప్పుడు ప్రతి దశకీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. జెట్లు, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలున్న చిన్న స్క్రూలు, విప్పి కార్బ్ క్లీనర్ కొట్టి వెలుతురుకి పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనపడాలి, అడ్డు పోకపోతే రాగి వైరులోంచి ఒక్క పోగు తీసి పొడవండి, ఇనప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇంక ఆ జెట్ పనికిరాదు. చిన్న పైలట్ జెట్‌ని మర్చిపోవద్దు, ఇంజన్ స్టార్ట్ అయ్యి వెంటనే ఆగిపోతుందంటే అనుమానం దాని మీదే.

కొత్త పెట్రోల్‌లో ఆయిల్ ఎంతన్నది మోటార్ స్టిక్కర్ మీద ఉంటే అదే పాటించండి. చాలా పెట్రోల్ మోడళ్లకి 50:1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. మొదటి ట్యాంకుకి మాత్రం రెట్టింపు వేస్తే మంచిది, పొగ వస్తుంది, ఫర్వాలేదు. బైకులకి పోసే ఆయిల్ కాకుండా డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నది తీసుకోండి, నీళ్లతో చల్లబడే ఇంజన్లకి చేసింది అదే.

కింద భాగం: అసలు శ్రమ ఇక్కడే

ముందు గేర్ ఆయిల్ స్క్రూలు, కిందది తర్వాత పైది, విప్పండి. నల్లగా వస్తే మామూలే. మజ్జిగలా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు పోతున్నాయి, సీళ్లు మార్చాలి. ప్రొపెల్లర్ కూడా తీసి చూడండి, షాఫ్ట్ చుట్టూ వల దారం చుట్టుకుని సీల్‌ని కోసేయడం వేట బోట్లలో చాలా మామూలు. కొత్త గేర్ ఆయిల్ కింద రంధ్రం నుంచి ఎక్కిస్తూ పోవాలి, పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా వచ్చేదాకా.

పంపులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, బయటికి బాగా కనిపించినా మార్చాల్సిందే, ఏళ్ల తరబడి ఒకే వైపు వంగి బిగుసుకుపోయుంటుంది. దానికోసం కింద భాగం మొత్తం దింపాలి, అక్కడ బోల్టులు స్టీలు, బాడీ అల్యూమినియం, మధ్యలో ఉప్పు, మూడూ కలిసి అతుక్కుపోతాయి. రాకపోతే పెద్ద పానా వేసి కోపంగా లాగారో తల తెగి చేతికొస్తుంది, లోపల మిగిలిన ముక్కని డ్రిల్ చేయించడానికి లేత్ షాపుల చుట్టూ తిరగాలి. తుప్పు వదిలే స్ప్రే కొట్టి రోజంతా వదిలి, మర్నాడు కొంచెం బిగించి కొంచెం వదులు చేసి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ రండి. అప్పటికీ రాకపోతే బోల్టు చుట్టూ బాడీని వేడి చేయాలి, ఆ చుట్టుపక్కల పెట్రోల్ వాసన కూడా లేనప్పుడే. దింపే ముందు గేర్ రాడ్ జాయింట్ విప్పడం మర్చిపోవద్దు. కొత్త ఇంపెల్లర్‌కి గ్రీజు రాసి, షాఫ్ట్‌ని గడియారం దిశలో తిప్పుతూ పంపు మూత దింపితే రెక్కలు సరైన వైపుకి వంగుతాయి. బోల్టులన్నిటికీ మెరైన్ గ్రీజు రాసే బిగించండి, వచ్చే ఏడాది మీరే మళ్లీ విప్పాలి.

డ్రమ్ములో స్టార్ట్ చేయడం

ప్రొపెల్లర్ తీసేసి, మోటార్‌ని గట్టి చెక్క స్టాండుకి బిగించి, ఆరుబయట పెద్ద డ్రమ్ములో దించండి. నీళ్లు ప్రొపెల్లర్ పైనుండే అడ్డపలకకి మించి ఉండాలి. న్యూట్రల్‌లో పెట్టి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, చోక్ లాగి, ఇప్పుడు లాగండి తాడు. లోపల పోసిన ఆయిల్ వల్ల మొదట్లో తెల్లగా పొగ కమ్ముతుంది, భయపడొద్దు. చూడాల్సింది పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీటి ధార వస్తోందా లేదా అన్నది. ఒక నిమిషంలోపు రాకపోతే ఆపేయండి. పంపు పాడయిందని అనుకునేముందు ఆ రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడండి, కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టి ఉంటుంది చాలాసార్లు. అదీ కాదంటే ఇంజన్ వేడిని బట్టి నీళ్లు వదిలే థర్మోస్టాట్ ఉప్పుతో బిగుసుకుపోయి ఉండొచ్చు.

పది నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. మొదటిసారి నీళ్లలోకి వెళ్తే కాలవలోనో, మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) లోపలో తిరగండి, నేరుగా సముద్రంలోకి వద్దు. తెడ్లు, లైఫ్ జాకెట్, పానా, ఒక జత ప్లగ్గులు బోటులో ఉండాలి. తిరిగొచ్చాక మంచినీళ్లలో ఓ పది నిమిషాలు తిప్పి, చివర్లో పెట్రోల్ గొట్టం పీకేసి దానంతటది ఆగేదాకా వదిలేస్తే కార్బ్యురేటర్ ఖాళీ అవుతుంది. మర్నాడు పొద్దున గేర్ ఆయిల్ కింద స్క్రూ కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూడండి. తెల్లగా ఉంటే సీళ్లు మార్చేదాకా బోటు ఒడ్డునే.