పాత స్వీడన్ వెండి నాణెం చేతికొస్తే గీటురాయి పక్కన పెట్టండి

నేను కరీంనగర్‌లో వెండి తీగ పని చేస్తాను, బయటివాళ్లు ఫిలిగ్రీ అంటారు. వెండి ముక్క చేతిలో పడితే గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి చూడటం మాకు అలవాటు. పదిహేడో శతాబ్దంలో క్రిస్టినా రాణి కాలపు స్వీడన్ వెండి నాణెం రిక్స్‌దాలెర్ దగ్గర మాత్రం ఆ చెయ్యి ఆపుకోవాలి. అంచు మీద ఒక్క గీత పడినా కొనేవాడు ముఖం తిప్పేస్తాడు. చింతపండు, కుంకుడు రసం, టూత్‌పేస్ట్ కూడా వద్దు. నల్లబారిన ఆ పొర ఉంటేనే దానికి రేటు.

ముందు తూకం. పాత తులం 11.66 గ్రాములు కదా, రిక్స్‌దాలెర్ దాదాపు రెండున్నర తులాలు, 29 గ్రాములకు కాస్త పైన. అరుగుదల కింద అర గ్రాము వదిలేయొచ్చు. 27లోకి దిగితే మాత్రం టెన్షన్ పడాల్సిందే. అందులో వెండి సుమారు 88 శాతం. మన నిజాం హాలీ సిక్కా రూపాయిలో 81.8, బ్రిటిష్ రూపాయిలో 91.7, ఇది రెంటికీ నడుమ.

తర్వాత నీళ్ల లెక్క. గ్రాములో వందో వంతు చూపే డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, గ్లాసుకు ఎక్కడా తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. గాలి బుడగలుంటే మెల్లగా తట్టి వదిలించాలి. ఇప్పుడు కాటా చూపించే అంకెతో అసలు తూకాన్ని భాగించండి, వచ్చేదే సాంద్రత. 29.2 గ్రాముల నాణేనికి 2.84 దగ్గర చూపిస్తే 10.28 వస్తుంది, అలా 10.2, 10.3 మధ్య ఉండాలి. ఇత్తడి, రాగి 9 దాటవు. తీశాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి.

నకిలీని కూడా వెండితోనే పోస్తే ఈ లెక్కకు దొరకదు. అందుకే లూపు, అంటే కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం కావాలి. పోత పోసిన నాణెం మీద అక్షరాలు వాడిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి, చిన్న చిన్న బొక్కలుంటాయి, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది. నేను అన్నిటికంటే ముందు చూసేది రాణి తల పైన అంచు. అక్కడ టంకం మచ్చ ఉంటే ఎప్పుడో కొక్కెం వేసి మెడలో వేసుకున్నారన్నమాట. మన తండాల నుంచి వచ్చే పాత రూపాయలకూ ఇదే మచ్చ. అది నకిలీకి గుర్తు కాదు కానీ, ధర బాగా పడిపోతుంది. బొక్క పూడ్చి పైన చెక్కినవి ఇంకా మోసం.

ఇక బొమ్మ. ఒకవైపు క్రిస్టినా రాణి, ఇంకోవైపు చేతిలో గోళంతో నిలబడ్డ క్రీస్తు, చుట్టూ లాటిన్ అక్షరాలు. సంవత్సరం 1632కీ 1654కీ మధ్య ఉండాలి. 1632లో లూట్సెన్ యుద్ధంలో తండ్రి గుస్తావ్ అడాల్ఫ్ చనిపోయేనాటికి ఆమెకు ఆరేళ్లు కూడా నిండలేదు. 1654లో తానే సింహాసనం వదిలేసింది.

ఇవి అరుదు కావడానికి కారణం రాగి. స్వీడన్‌లో గుస్తావ్ వాసా 1534లో మొదటి దాలెర్ కొట్టించాడు, వెండి సాలా గని నుంచి వచ్చేది. పదిహేడో శతాబ్దానికి ఆ గని చిక్కిపోయింది, ఫాలున్ గనిలో మాత్రం రాగి విరగకాసింది. అందుకే 1624 నుంచి రాగినీ డబ్బుగా నడిపించారు. వెండికీ రాగికీ వేరువేరు లెక్కలు, మారకం మారుతూ ఉండేది. 1644లో వేసిన 10 దాలెర్ల రాగి పలక ఒక్కటే 19 కిలోలు పైన! ఊళ్లో బేరాలకు రాగి, విదేశీ బాకీలకు వెండి రిక్స్‌దాలెర్. బయటికి పోయిన వెండిలో చాలాభాగం కరిగిపోయింది. ఆ పలకల బరువు మోయలేకే 1661లో స్టాక్‌హోమ్ బాంకో అనే బ్యాంకు కాగితం నోట్లు దింపింది, యూరప్‌లో అవే మొదటివి.

రాణి పేరు చెప్పి లక్షలు అడిగేవాణ్ణి నమ్మకండి. ఏ ఏడాది, ఏ అచ్చు, ఎంత అరిగింది, వీటినిబట్టే రేటు. కొన్నాక పీవీసీ కవర్లో పెట్టొద్దు, ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే పీవీసీ లేని ప్లాస్టిక్ కవరు నయం. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించి అమ్ముకుందామని పోస్టులో మాత్రం వేయకండి.