షీట్ ఫిల్మ్‌కి మీ సొంత డెవలపింగ్ టైం పట్టుకోవడం ఎలా

ఇల్ఫర్డ్ చార్ట్‌లో ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్‌కి, ఐడీ-11 డెవలపర్‌ని సమానంగా నీళ్లు కలిపి (1+1) వాడితే, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు అని ఉంటుంది. అది తప్పు లెక్కేం కాదు, కానీ మీ థర్మామీటర్, మీరు ట్రే ఊపే తీరు, మీ ఎన్లార్జర్, మీ పేపర్ చూసి రాసింది కాదు కదా. నెగటివ్ చిక్కదనం కొలిచే డెన్సిటోమీటర్ లేకపోయినా నాలుగు 4×5 అంగుళాల షీట్లతో మీ టైం మీరే తేల్చుకోవచ్చు.

నీడల్లో వివరం ఎక్స్‌పోజర్‌తోనే వస్తుంది, డెవలపింగ్ పెంచితే ముఖ్యంగా చిక్కబడేవి వెలుగు భాగాలే. అందుకే ఈ టెస్టులో మన కన్నంతా జోన్ 8 (నలుపు నుంచి తెలుపు దాకా ఛాయల్ని స్టాపుకొకటి చొప్పున విడగొట్టిన మెట్లే జోన్లు; ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) మీద, అంటే తెల్లగా కనిపిస్తూనే కాస్త ఛాయ మిగిలిన చోటు మీద.

నీడలో ఉన్న ఒకే రంగు గోడ చూసుకోండి. ఫ్రేం నిండా అదే ఉండాలి, ఫోకస్ మాత్రం ఇన్ఫినిటీలో పెట్టండి (గోడ మసకగా వస్తే మంచిదే, పైగా కెమెరా బెలోస్ సాగినందుకు ఎక్స్‌పోజర్ పెంచే లెక్క అక్కర్లేదు). లైట్ మీటర్‌లో ఐఎస్ఓని ఫిల్మ్ మీదున్న 125 బదులు 64లో పెడతాను నేను. మీటర్ ఎఫ్16, 1/30 అందనుకుందాం, అది జోన్ 5, అంటే మధ్యస్థ బూడిద. ఇప్పుడు డార్క్ స్లైడ్‌ని (ఫిల్మ్ హోల్డర్‌కి మూతగా ఉండే పలక) మూడో వంతు మాత్రమే లాగి ఎఫ్8, 1/15 ఇవ్వండి, మూడు స్టాపులు పెరిగి జోన్ 8 అయింది. తర్వాత స్లైడ్‌ని మూడింట రెండు వంతుల దాకా లాగి ఎఫ్45, 1/60 ఇవ్వండి, అది జోన్ 1, అంటే దాదాపు నలుపు. మొదటి పట్టీ మీద ఇది కూడా పడుతుంది గానీ 128లో ఒక వంతే, లెక్కలోకి రాదు. మిగిలిన పట్టీకి అసలు వెలుతురే తగలకూడదు, అదే ఖాళీ ఫిల్మ్. నాలుగు షీట్లూ ఇలాగే, వెలుతురు మారకముందే గబగబా కానిచ్చేయండి.

ఇక డార్క్ రూం. ఈ ఫిల్మ్‌కి ఎర్ర లైటు కూడా పనికిరాదు, కటిక చీకటే. ఏ షీట్ ఏదో తెలియడానికి మూలల్లో కత్తెరతో ఒక గాటు, రెండు గాట్లు అలా పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఏడాదిలో సగం రోజులు 20 డిగ్రీలు నిలబెట్టడం గగనం కాబట్టి నేను 24 ఎంచుకున్నాను, అక్కడ ఆ 11 నిమిషాలు సుమారు ఎనిమిదికి దిగుతాయి. అందుకే నాలుగు షీట్లకీ 6, 7, 8½, 10 నిమిషాలు. ఒక్కో షీట్ విడిగా, ప్రతిసారీ కొత్త డెవలపర్, అంతే కొలత, అదే ఊపు.

టెంపరేచర్ దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ఓ ఏప్రిల్‌లో డెవలపర్ 24లో మొదలుపెట్టి ట్రేని వట్టి బల్ల మీద వదిలేశాను, చివరి షీట్ అయ్యేసరికి చూస్తే 28. నెగటివ్‌లు నల్లగా దిట్టంగా వస్తే రెండు రోజులు ఫిల్మ్‌ని తిట్టుకున్నాను! ఇప్పుడు ట్రేని పెద్ద నీళ్ల బేసిన్‌లో పెడతాను, పక్కన ఐస్ బాటిల్ ఒకటి.

ఆరాక నెగటివ్‌ని లైటుకి ఎత్తి చూడండి. ఖాళీ పట్టీకీ జోన్ 1 పట్టీకీ మధ్య సన్నగా తేడా కనిపించాలి. ఏ షీట్‌లోనూ కనిపించకపోతే డెవలపింగ్ సంగతి పక్కన పెట్టి, మీటర్‌ని 32కి దించి మళ్లీ తీయండి.

అసలు తీర్పు పేపర్ మీద. ఖాళీ పట్టీని ఎన్లార్జర్‌లో పెట్టి, గ్రేడ్ 2 (మామూలు కాంట్రాస్ట్) పేపర్ మీద 3 సెకన్ల చొప్పున టెస్ట్ స్ట్రిప్ వేయండి. నలుపు ఇక పెరగని మొట్టమొదటి మెట్టు ఏదో అదే మీ ప్రింట్ టైం. హెడ్ ఎత్తు, లెన్స్ స్టాప్ కదపకుండా, అదే టైంకి నాలుగు జోన్ 8 పట్టీలూ ప్రింట్ చేయండి. వట్టి పేపర్ తెలుపు వస్తే డెవలపింగ్ ఎక్కువైంది, స్పష్టంగా బూడిద రంగు వస్తే తక్కువైంది. పక్కన ఖాళీ పేపర్ ముక్క పెడితేనే తేడా తెలిసేంత లేత ఛాయ ఎక్కడ వస్తే అదే మీ టైం.

ఒక్కటి, తడి ప్రింట్ చూసి తేల్చేయకండి, ఆరాక వెలుగులు కాస్త నల్లబడతాయి. రాత్రి నాకు 7 నిమిషాల షీటే సరిగ్గా ఉందనిపించింది, పొద్దున ఆరిన ప్రింట్ చూస్తే బూడిద రంగు. 8½ షీట్ మాత్రం ఆరినా వట్టి తెలుపే. చివరికి ఏడున్నర దగ్గర ఆగాను.