ఏఎస్/400లో చేసిన మార్పును ప్రొడక్షన్‌కి ఎలా పంపాలి?

మడికొండ ఐటీ పార్కులోనో, హన్మకొండలో ఇంటి నుంచో విదేశీ క్లయింట్లకి సపోర్ట్ చేసే కొత్తవాళ్లకి ఒక్కోసారి మొదటి ప్రాజెక్టుగా ఏఎస్/400 తగులుతుంది. ఇది వ్యాపార సంస్థలు వాడే కంప్యూటర్ సిస్టం, ఐబీఎం దీన్ని 1988లో తెచ్చింది. ఇప్పుడు పవర్ సర్వర్ల మీద నడుస్తోంది. 2008 నుంచి దీని ఆపరేటింగ్ సిస్టం పేరు ‘ఐబీఎం ఐ’, అయినా ఆఫీసుల్లో పాత పేరే వినిపిస్తుంది. ఇందులో ప్రోగ్రాములు రాసే భాష ఆర్‌పీజీ, అది నేర్చుకోవడం అంత కష్టం కాదు. రాసినదాన్ని ప్రొడక్షన్‌కి, అంటే క్లయింట్ రోజూ వాడే అసలు సిస్టంకి, చేర్చడంలోనే టెన్షనంతా. అందుకే ఆల్డన్, టర్నోవర్, ఇంప్లిమెంటర్, ఆర్కాడ్ లాంటి చేంజ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ (టూల్) వాడతారు. మెనూలు వేరువేరుగా ఉన్నా పని దాదాపు ఇలాగే సాగుతుంది.

1. టికెట్ నంబర్ మీద టాస్క్ తెరవండి. ఆ తర్వాత మీరు ముట్టుకునే ప్రతి మెంబరూ (ఒక ప్రోగ్రామ్ లేదా ఫైల్ సోర్స్ ఉండే చోటు) ఆ టాస్క్ కిందికే రావాలి.

2. చెకౌట్ చేయండి. ప్రొడక్షన్‌లో ఉన్న సోర్స్ మీ డెవలప్‌మెంట్ లైబ్రరీకి (ఇక్కడ లైబ్రరీ అంటే ఫోల్డర్ లాంటిది) కాపీ అవుతుంది, మీ పేరు మీద బుక్ అవుతుంది. అప్పటికే వేరే వాళ్ల దగ్గర ఉంటే టూల్ చెబుతుంది. ఆ మెసేజ్‌కి ఎంటర్ కొట్టి ముందుకెళ్లకుండా, వాళ్లకి ఓ ఫోన్ చేయండి. మెంబర్ల జాబితా చూపే పీడీఎం స్క్రీన్‌లో 3 నొక్కి సొంతంగా కాపీ చేసుకునే అలవాటు మాత్రం వద్దు. ఈ సిస్టంలో సోర్స్ వేరు, కంపైలైన ఆబ్జెక్ట్ వేరు. తనను ఏ మెంబర్ నుంచి, ఏ తేదీ నాటి సోర్స్‌తో తయారు చేశారో ఆబ్జెక్ట్‌లో రాసి ఉంటుంది, అంతే. ఆ రెండూ ఒకసారి విడిపోయాయా, ప్రొడక్షన్‌లో నడుస్తున్నది ఏ కోడో ఎవరూ చెప్పలేరు.

3. ఫైల్ మారుతోందా? ఇక్కడ ఆగండి. ప్రోగ్రామ్ ఒక్కటే మారితే పని తేలిక. ఫైల్ మారితేనే అసలు కథ. ఒక జిన్నింగ్ మిల్లు అనుకుందాం (మన మిల్లుల్లో ఏఎస్/400 కనిపించడం అరుదే, లెక్క అర్థమవడానికి చెబుతున్నా). ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చిన పత్తి లాట్ల ఫైల్‌లో తేమ శాతానికి కొత్త ఫీల్డ్ కావాలన్నారు. ఫైల్ నిర్మాణం రాసే డీడీఎస్‌లో ఒక్క లైనే కదా అనిపిస్తుంది. కానీ ఆ లైన్‌తో ఫైల్ రికార్డ్ ఫార్మాట్ (ఫీల్డుల అమరిక) గుర్తింపు నంబర్ మారిపోతుంది. పాత నంబర్‌తో కంపైలైన ప్రోగ్రామ్ ఆ ఫైల్ తెరవబోతే సీపీఎఫ్4131, అంటే లెవెల్ చెక్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. లాట్ ఎంట్రీ స్క్రీన్ మాత్రమే మార్చి పంపితే, అదే ఫైల్ చదివే రాత్రి బిల్లింగ్ జాబ్ పడిపోతుంది.

అందుకే ఆ ఫైల్‌ని ఎవరెవరు వాడుతున్నారో టూల్‌ని అడిగి, వచ్చిన ప్రోగ్రాములన్నిటినీ రీకంపైల్‌కి టాస్క్‌లో చేర్చండి. టూల్ జాబితా మీద అనుమానముంటే, డిస్‌ప్లే ప్రోగ్రామ్ రిఫరెన్సెస్ కమాండ్ ఫలితాన్ని ఒక ఫైల్‌లోకి తీసుకుని అందులో వెతకండి. లాజికల్ ఫైళ్లకి (అసలు ఫైల్‌లోని డేటాని వేరే రూపంలో చూపేవి) డిస్‌ప్లే డేటాబేస్ రిలేషన్స్ కమాండ్ ఉంది. తన ఫీల్డులు తానే రాసుకున్న లాజికల్ ఫైల్ ఫార్మాట్ మారదు కాబట్టి, దాన్ని మాత్రమే వాడే ప్రోగ్రాములకి రీకంపైల్ అక్కర్లేదు. కొందరు ఈ తలనొప్పంతా ఎందుకని ఫైల్ మీద లెవెల్ చెక్‌నే ఆపేస్తారు. ఎర్రర్ రాదు, నిజమే. దానికి బదులు తప్పుడు అంకెలు రావచ్చు.

4. టెస్ట్‌కి ప్రమోట్ చేయండి, అంటే మార్పును టెస్ట్ లైబ్రరీకి పంపండి. లైబ్రరీ లిస్ట్‌లో (సిస్టం ప్రోగ్రాముల కోసం పైనుంచి వరసగా వెతికే లైబ్రరీల జాబితా) టెస్ట్ లైబ్రరీ పైన ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే పాత ప్రోగ్రామ్‌నే టెస్ట్ చేసి ‘బాగుంది’ అనేస్తారు. తర్వాత అప్రూవల్.

5. ప్రొడక్షన్ టైం పెట్టండి. ఏదో ఒక జాబ్ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉంటే ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. వర్క్ విత్ ఆబ్జెక్ట్ లాక్స్ కమాండ్‌లో ఎవరు పట్టుకున్నారో కనిపిస్తుంది. న్యూయార్క్ క్లయింట్ అయితే, వేసవిలో అక్కడి రాత్రి 11 మనకి మర్నాడు ఉదయం 8:30. టిఫిన్ టైంలో పని అయిపోతుంది. మేడారం జాతర వారంలో మాత్రం పెద్ద ఫైల్ మార్పులు పెట్టకండి. టీమ్‌లో సగం మంది లీవులో ఉంటారు, క్లయింట్‌కేమో ఆ సంగతి తెలియదు.

ప్రోగ్రామ్‌ని మార్చినా, అప్పటికే నడుస్తున్న జాబ్ పాత కాపీతోనే కొనసాగవచ్చు. యూజర్లని ఒకసారి సైన్ ఆఫ్ చేసి రమ్మనండి.

6. వెనక్కి తీయాల్సి వస్తే: ప్రోగ్రామ్ అయితే ఆర్కైవ్‌లోని పాత వెర్షన్‌ని టూల్ తిరిగి పెడుతుంది. ఫైల్ అయితే అంత సులువు కాదు. ఈలోగా తేమ శాతంతో రికార్డులు పడి ఉంటాయి, పాత ఫైల్‌లో వాటికి చోటు లేదు. ఆ డేటా ఎక్కడ దాచాలో ఇన్‌స్టాల్‌కి ముందే టాస్క్‌లో రాసి పెట్టండి. అర్ధరాత్రి అర్జెంట్‌గా సరిచేయాల్సి వస్తే టూల్‌లోని ఎమర్జెన్సీ దారిలోనే వెళ్లండి. అదే మెంబర్‌ని చెకౌట్ చేసుకున్న వాళ్లకి తెల్లారగానే చెప్పండి. లేదంటే వచ్చే వారం వాళ్ల ప్రమోషన్‌తో మీరు సరిచేసింది కాస్తా చెరిగిపోతుంది.