అర్జెంటుగా తెచ్చిన గోల్‌కీపర్ మీద నమ్మకం కుదరడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

2024 సెప్టెంబర్ 22న విల్లారియల్‌తో మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరి కిందికి దిగేటప్పుడు స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్ బార్సిలోనా మొదటి కీపర్ టెర్ స్టేగెన్ కుడి మోకాలి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరం లాంటి పట్టీ) తెగిపోయింది. ట్రాన్స్‌ఫర్ విండో, అంటే వేరే క్లబ్‌ల నుంచి ఆటగాళ్లని తెచ్చుకునే గడువు, అప్పటికే మూసేశారు. అక్టోబర్ 2న బార్సిలోనా వోయ్‌చెఖ్ ష్చెన్స్నీతో సంతకం చేయించింది. ఆగస్టు 27నే ఆటకు వీడ్కోలు చెప్పేసిన 34 ఏళ్ల పోలండ్ కీపర్ అతను. ఆ సీజనంతా మా బార్సా అభిమానులకు వచ్చిన అనుమానాలే రేపు మీ క్లబ్ విషయంలో మీకూ రావచ్చు. ఏ అనుమానానికి ఏది కారణమో, ఏం చూస్తే తేలుతుందో రాస్తున్నాను.

సమస్య: "రిటైరైన మనిషి తప్ప ఇంకెవరూ దొరకలేదా?"

కారణం: నిజంగానే పెద్దగా దొరకరు. విండో మూసేశాక ఏ క్లబ్‌లోనూ లేనివాళ్లలోంచే ఎంచుకోవాలి. స్పెయిన్ లీగ్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ఆటగాడు చాలా నెలలు దూరమయ్యే గాయమైతే, అతని జీతంలో 80 శాతం వరకు కొత్తవాడి కోసం వాడుకోనిస్తారు. అప్పులతో నలిగిపోతున్న క్లబ్‌కి ఆ హద్దు దాటే దారి లేదు.

పరిష్కారం: కొత్తవాణ్ణి టెర్ స్టేగెన్ పక్కన పెట్టి చూడకండి, ఆ వారం ఖాళీగా ఉన్న కీపర్ల పక్కన పెట్టి చూడండి. కేలర్ నవాస్ అప్పుడు ఖాళీగానే ఉన్నాడు కానీ 37 ఏళ్లు. ష్చెన్స్నీ అంతకుముందు సీజన్ దాకా జువెంటస్ మొదటి కీపర్, 2024 యూరోలో పోలండ్‌కి ఆడాడు. "రిటైర్డ్" అన్న మాట వినగానే కంగారు పడకుండా చివరిసారి ఎప్పుడు, ఏ స్థాయిలో ఆడాడో చూడాలి. 2011 మార్చిలో ఆర్సెనల్ అయితే రిటైరైన యెన్స్ లేమన్‌ని 41 ఏళ్ల వయసులో వెనక్కి పిలిచింది. ఏప్రిల్‌లో బ్లాక్‌పూల్ మీద అతను ఆడాడు, ఆర్సెనల్ 3-1తో గెలిచింది. అప్పుడు గాయపడి ఆ పరిస్థితి తెచ్చిన కుర్ర కీపర్లలో ష్చెన్స్నీ ఒకడు. బార్సిలోనాతో మ్యాచ్‌లోనే అతని వేలికి దెబ్బ తగిలింది.

సమస్య: "అంత అర్జెంటుగా తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారేంటి?"

కారణం: ప్రాక్టీసులో బంతులు పట్టడం వేరు, మ్యాచ్‌లో నిలబడటం వేరు. పైగా అప్పుడు ఇనాకి పెన్యా గోల్‌లో ఉండగానే బార్సా బయర్న్‌ని 4-1తో, రియల్ మాడ్రిడ్‌ని 4-0తో కొట్టింది. గెలుస్తున్న జట్టులో కీపర్‌ని ఎవరు మారుస్తారు?

పరిష్కారం: ఆగడమే. ష్చెన్స్నీ మొదటి మ్యాచ్ 2025 జనవరి 4న, స్పెయిన్ కప్ టోర్నీ కోపా డెల్ రేలో చిన్న జట్టు బర్బాస్త్రో మీద. మొదలుపెట్టడానికి అదే సరైన చోటు.

సమస్య: "వచ్చీ రాగానే తప్పుల మీద తప్పులు"

అభిమానికి అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. జనవరి 12న స్పెయిన్ సూపర్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ ఫార్వర్డ్ ఎంబాపేని పడగొట్టి రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. జట్టు 5-2తో గెలిచింది కాబట్టి సరిపోయింది. జనవరి 21న లిస్బన్‌లో బెన్ఫికా మీద ఇంకా ఘోరం. బాక్స్ వదిలి పరుగెత్తి సొంత డిఫెండర్ బాల్డేని గుద్దుకున్నాడు, పావ్లిదిస్ ఖాళీ గోల్‌లోకి బంతి తోశాడు. కాసేపటికి పెనాల్టీ కూడా ఇచ్చాడు. ఆ మ్యాచ్‌ని చివరి నిమిషాల్లో రఫీన్యా 5-4గా గెలిపించాడు.

కారణం: ఇవి చేతుల తప్పులు కావు. ఎప్పుడు బయటికి రావాలి, ఎప్పుడు లోపలే ఉండాలి అన్న లెక్కలో తప్పులు. జువెంటస్‌లో అతని ముందు డిఫెన్స్ చాలాసార్లు బాక్స్ దగ్గరే కాపు కాసేది. బార్సా కోచ్ హాన్సీ ఫ్లిక్ డిఫెన్స్‌ని మైదానం మధ్య దాకా తోస్తాడు. వెనక మిగిలిన అంత ఖాళీ స్థలానికీ కీపరే కాపలా. కొత్త ఇంట్లో చీకట్లో స్విచ్ కోసం గోడంతా తడుముకున్నట్టే ఉంటుంది. ఏ బంతికి బాల్డే వస్తాడు, ఏ బంతిని ఇంకో డిఫెండర్ కుబార్సి వదిలేస్తాడు అన్నది కలిసి ఆడితేనే ఒంటపడుతుంది.

పరిష్కారం: గోల్ పడ్డాక రీప్లేని వెనక్కి తిప్పి మూడు విషయాలు చూడండి. మన జట్టు బంతిని ఎక్కడ పోగొట్టుకుంది? పాస్ ఇచ్చినవాడి మీద ఎవరైనా ఒత్తిడి పెట్టారా? కీపర్ మొదటి అడుగు ముందుకా, వెనక్కా? మొదటి రెండింట్లోనే సమాధానం దొరికితే కీపర్‌ని వదిలేయండి. మూడోదే అయితే తర్వాతి నాలుగైదు మ్యాచ్‌ల్లో అది తగ్గుతోందా అని చూడండి. ష్చెన్స్నీ విషయంలో తగ్గింది. మార్చి 5న అదే లిస్బన్‌లో బెన్ఫికా మీదే 22వ నిమిషానికే కుబార్సి రెడ్ కార్డ్‌తో వెళ్లిపోతే, పది మందితో అతను 8 సేవ్‌లు చేశాడు. 1-0తో గెలిచాం. ఏప్రిల్ 15న డార్ట్‌మండ్‌లో 3-1తో ఓడేదాకా అతను ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బార్సా ఓడలేదు.

సమస్య: "కాళ్లతో పాస్‌లు సరిగా పడటం లేదు"

ఈ అనుమానం నిజమే. టెర్ స్టేగెన్ కాళ్లు అతనికి లేవు, రావు కూడా. దీనికి మందు కీపర్ దగ్గర లేదు. మిడ్‌ఫీల్డర్ ఒకడు కిందికి దిగి బంతి అందుకోవాలి. అది జరగకపోతే కోచ్‌ని అడగండి.

సమస్య: "పెద్ద మ్యాచ్‌లో గోల్స్ వరదలా పడ్డాయి"

ఇటలీ క్లబ్ ఇంటర్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండు లెగ్‌లూ (మ్యాచ్‌లూ) కలిపి 7-6తో పోయింది. ఏడు గోల్స్ తిన్న కీపర్ మీద కోపం రావడం సహజం. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ మొదటి లెగ్‌లో డుమ్‌ఫ్రీస్ కొట్టిన రెండూ కార్నర్లలో వచ్చినవి. రెండో లెగ్‌లో లౌతారో గోల్ మా ఓల్మో దగ్గర పోయిన బంతితో మొదలైంది. కీపర్ మారినా కార్నర్ల దగ్గర మనిషిని వదిలేసే జబ్బు తగ్గదు. అదే సీజన్లో లీగ్, కోపా, సూపర్ కప్ మూడూ వచ్చాయని కూడా లెక్కలో వేయండి.

సమస్య: "అవసరం తీరాక కూడా ఎందుకు ఉంచారు?"

2025 వేసవిలో ఎస్పాన్యోల్ నుంచి జోన్ గార్సియాని కొన్నారు, ష్చెన్స్నీకి 2027 దాకా కాంట్రాక్టు పొడిగించారు. రెండూ ఎందుకని చాలామంది అడిగారు. సెప్టెంబర్‌లో గార్సియా మోకాలికి సర్జరీ అయింది. అక్టోబర్ 26న రియల్ మాడ్రిడ్ మైదానం బెర్నబ్యూలో ఎంబాపే పెనాల్టీని ఆపింది ష్చెన్స్నీయే. ఆ మ్యాచ్ 2-1తో ఓడిపోయాం, కానీ ఓటమి కీపర్ ఖాతాలో రాయాల్సింది కాదు. మీ క్లబ్ రెండో కీపర్ స్థానాన్ని ఖాళీగా వదిలేస్తోందంటే, ముందుగా అనుమానించాల్సింది దాన్నే.